గంజాయి గాఢసారాలు: సీసాలో ఉన్నదేమిటి, చట్టం దాన్ని ఏమంటుంది

గత వేసవిలో ఒక మధ్యాహ్నం మా అనువాద విభాగానికి ఒక తెలుగు తల్లి వచ్చారు. శ్రీకాకుళం ప్రాంతం నుండి ముప్పై ఏళ్ల క్రితం భవన నిర్మాణపు పనులకు వచ్చి బెంగళూరులోనే స్థిరపడిన కుటుంబం వారిది. ఆస్తిపన్ను రసీదు గురించి అడిగిన తరువాత, వెళ్లబోతూ వెళ్లబోతూ ఆగి, ఫోనులో ఒక ఫోటో చూపించారు. బొటనవేలంత గాజుసీసా, అందులో నల్లబెల్లపు పాకంలాంటి చిక్కని ద్రవం. "బాబూ, దీన్ని మా అబ్బాయి ఆయిల్ అంటున్నాడు. స్నేహితుడు దాచమన్నాడట. తలకు రాసుకునేదా, కడుపులోకి తీసుకునేదా? సీసామీద అక్షరం ముక్క లేదు" అన్నారు. ఆనాడు నాకు జవాబు తెలియలేదు. చదవవలసిన అక్షరమే లేనిచోట అనువాదకుడు చేయగలిగింది కూడా ఏమీ లేదు. ఆమె ప్రశ్నకు తెలుసుకుని చెప్పవలసిన జవాబే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ పుస్తికకు తెలుగు భాగం సిద్ధం చేస్తున్నప్పుడు, ఆంగ్లంలో 'కాన్సన్‌ట్రేట్స్' అని ఉన్న మాటకు ఒక యంత్రానువాదం 'ఏకాగ్రతలు' అని ఇచ్చింది. గంజాయి ఏకాగ్రతలు! నవ్వు వచ్చినా, తెలుగులో ఈ వస్తువుకు స్థిరమైన పేరు లేదన్న సంగతి దానివల్లనే బోధపడింది. పత్రికలు 'హ్యాష్ ఆయిల్' అని, 'హషీష్ ఆయిల్' అని రాస్తాయి. కుర్రవాళ్లు ఉత్త 'ఆయిల్' అంటారు. ఇక్కడ మనం 'గాఢసారం' అందాం.

మొక్కలో మత్తు ఎక్కడ ఉంటుంది

గంజాయి మొక్కలో ఆడ, మగ వేరువేరుగా ఉంటాయి. ఆడమొక్క పూగుత్తుల మీద కంటికి మంచుపొడిలా కనిపించే సన్నని నూగు ఉంటుంది. ఆ నూగులోని ఒక్కొక్క రోమం కొనమీద ఒక జిగురు బొట్టు. మత్తు కలిగించే పదార్థం ప్రధానంగా ఆ జిగురులోనే ఉంటుంది. దాని పొడవాటి రసాయన నామాన్ని కుదించి టీహెచ్‌సీ అంటారు. 1964లో ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలమ్, యెహియెల్ గవోని అనే శాస్త్రజ్ఞులు దీన్ని వేరుచేసి నిర్మాణాన్ని నిర్ధారించారు. పచ్చిమొక్కలో ఇది మత్తివ్వని ఆమ్లరూపంలో ఉంటుంది. వేడి తగిలినప్పుడు ఆ ఆమ్లం మారి టీహెచ్‌సీ అవుతుంది. పొగతాగినా, వండినా మత్తు వచ్చేది అందుకే. దీనికి తోడుగా ఉండే సీబీడీ అనే మరో పదార్థానికి ఆ మత్తు లేదు.

మన మెదడులోనే ఈ పదార్థం వచ్చి అమరే గ్రాహకాలు ఉన్నాయని 1988లో తెలిసింది. శరీరం స్వయంగా తయారుచేసుకునే అటువంటి ఒక పదార్థాన్ని 1992లో మెషూలమ్ బృందమే కనుగొని, సంస్కృతపు 'ఆనంద' శబ్దం తీసుకుని 'ఆనందమైడ్' అని నామకరణం చేసింది. అనువాదకుడికి పని లేకుండా మన ఇంటికే నడిచి వచ్చిన శాస్త్రపదం ఇది. జ్ఞాపకం, ఆకలి, భయం, కాలస్ఫురణ వంటివాటిలో ఈ వ్యవస్థకు పాత్ర ఉంది. మత్తులో నిమిషం గంటగా తోచడానికి, ఇప్పుడే అన్న మాట మరుపుకు రావడానికి కారణం అక్కడే ఉంది.

మన దేశంలో పూర్వం నుండి ఈ మొక్క మూడు రూపాల్లో వాడుకలో ఉంది. ఆకును నూరితే భంగు. ఎండిన పూగుత్తులు గంజాయి. జిగురును మాత్రం వేరుచేసి ముద్దకడితే చరస్. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన హెంప్ డ్రగ్స్ కమిషన్ ఈ మూడింటినీ విడివిడిగా విచారించింది. ఈనాటి చట్టం కూడా ఆ భేదాన్నే పాటిస్తున్నది. కల్లుకూ సారాకూ ఉన్న తేడా మన పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఒకే చెట్టునుండి వచ్చినప్పుడు కూడా రెండూ ఒకటి కావు. గంజాయికీ దాని గాఢసారానికీ ఉన్న తేడా కూడా అటువంటిదే.

సారం తీయడం

హిమాచల్ ప్రదేశ్‌లోని మలానా లోయలో పచ్చని పూగుత్తులను అరచేతులమధ్య నలిపి, చేతికి అంటిన జిగురును గీకి ముద్దచేసే పద్ధతి తరతరాలుగా ఉంది. అది చరస్. ఎండిన పూతను జల్లించి, రాలిన నూగును అదిమి బిళ్లలు చేస్తే అరబ్బు దేశాల హషీష్. మంచునీటిలో కలియబెట్టి నూగును వేరుచేయడం, వేడిపలకల మధ్య నొక్కి జిగురును కార్చడం ఇటీవలి పద్ధతులు. వీటిలో వేటిలోనూ రసాయన ద్రావకం లేదు.

రెండవ జాతి ద్రావకాలతో తీసేవి. బ్యూటేన్ వాయువు, ఆల్కహాలు, అధిక పీడనంలోని కార్బన్ డయాక్సైడ్ వంటివాటితో జిగురును కరిగించి, తరువాత ద్రావకాన్ని తొలగిస్తారు. మిగిలిన సారం గాజుపెచ్చులా పెళుసుగా ఉంటే షాటర్ అని, మైనంలా ఉంటే వ్యాక్స్ అని, వెన్నలా ఉంటే బడర్ అని, తాజా మొక్కను గడ్డకట్టించి తీస్తే లైవ్ రెజిన్ అని అమెరికా దుకాణాల్లో పేర్లు. స్వేదనం చేసి రంగూ వాసనా లేకుండా తీసినదాన్ని డిస్టిలేట్ అంటారు. వేప్ పెన్నుల్లో, తినుబండారాల్లో తరచుగా ఉండేది అదే. పేర్లు ఎన్ని ఉన్నా గమనించవలసింది గాఢత. గంజాయి పూతలో టీహెచ్‌సీ నూటికి ఐదు నుండి ఇరవై పాళ్ల దాకా ఉంటుంది, కొన్ని విదేశీ రకాల్లో ఇంకా ఎక్కువ. ద్రావకాలతో తీసిన సారాల్లో అది నూటికి అరవై నుండి తొంభై పాళ్ల దాకా పోతుంది. అంటే బియ్యపుగింజంత ముక్కలో కూడా ఒక చుట్ట గంజాయి పెట్టు ఉండవచ్చు.

ఇంట్లో ఇది చేయబూనడం ఎంత ప్రమాదమో ఒక్క మాటలో చెప్పవచ్చు. బ్యూటేన్ మన వంటగ్యాసులోని ఒక భాగమే. గాలికంటే బరువైనది కనుక కిందికి దిగి నేలమీద పరచుకుంటుంది. గది మరో మూలనున్న స్విచ్చు రవ్వ చాలు దానికి. అమెరికాలో, కెనడాలో ఈ పనివల్ల ఇళ్లు పేలి ఒళ్లు కాలినవారు అనేకులు. నివాసగృహాలు గోడకు గోడ ఆనుకుని ఉండే మన పేటల్లో ఆ నిప్పు ఒక్క ఇంటితో ఆగదు.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో గంజాయి సాగు, దాని రవాణా పత్రికలు చదివేవారికి కొత్త కాదు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల తోటలను నరికివేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి వద్ద సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగలబెట్టారు. మూటలు తరలించడం కష్టమైనకొద్దీ సారం తీసి సీసాల్లో పంపడం పెరుగుతుంది. సీసా చోటు తక్కువ, వాసన తక్కువ, ధర ఎక్కువ. ఆ సీసాలు చేరే నగరాల్లో హైదరాబాదు, చెన్నై, మన బెంగళూరు ఉన్నాయి. మోసేవారిలో అధికభాగం సరుకు యజమానులు కారు, కూలికి మోసే పేదలు. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

పెద్దలు దీన్ని ఎలా వాడుతున్నారు

చట్టం అనుమతించిన దేశాల్లో వయోజనులు గాఢసారాలను వాడే తీరులు నాలుగైదు. చరస్‌ను పొగాకులో కలిపి చుట్టి తాగడం పాతది, మన దేశంలోనూ ఉన్నదే. వేప్ పెన్ను రెండవది. బ్యాటరీతో వేడెక్కే చిన్న గొట్టం, దానికి బిగించే సారపు గుళిక. వాసన స్వల్పం కనుక పక్కగదిలోని వారికి కూడా తెలియదు. మూడవది డాబింగ్. బాగా కాల్చిన గాజు లేదా లోహపు పాత్రమీద సారపు ముక్కను తాకించి, లేచిన ఆవిరిని ఒక్క గుక్కలో పీల్చడం. వాడేవారి మాటల్లో కూడా ఇది అన్నిటికంటే బలమైన దెబ్బ. ఒక్క పీల్పుతో రక్తంలోకి చేరే మత్తు పరిమాణం మామూలు చుట్టకు అనేక రెట్లు. నాలుగవది తినడం: మిఠాయిలు, చాక్లెట్లు, కేకులు, పానీయాలు. నాలుకకింద వేసుకునే చుక్కలు, చర్మానికి రాసే పూతలు కూడా ఉన్నాయి. మామూలు పూతలు సాధారణంగా మత్తివ్వవు.

ఈ తీరుల మధ్య అసలు భేదం కాలానిది. అక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. పీల్చినది నిమిషాల్లో తలకెక్కి, అరగంటలోపు శిఖరానికి చేరి, రెండు నుండి నాలుగు గంటల్లో తగ్గుతుంది. తిన్నది కడుపులో అరిగి, కాలేయంలో మరింత బలమైన రూపానికి మారి, అప్పుడు మెదడుకు చేరుతుంది. మొదలు కావడానికే అరగంట నుండి రెండు గంటలు పడుతుంది. ఆరు నుండి పన్నెండు గంటలు ఉంటుంది. గంట గడిచినా ఏమీ కాలేదని రెండో ముక్క, మూడో ముక్క తిన్నవారు రాత్రి పది గంటలకు గుండె దడతో, చచ్చిపోతున్నామన్న భయంతో ఆసుపత్రికి చేరతారు. అందుకే కెనడాలో ఒక తినుబండారపు పొట్లంలో 10 మిల్లీగ్రాములకు మించి టీహెచ్‌సీ ఉండరాదని నియమం. అమెరికాలోని కొలరాడోలో ఒక మోతాదుకు 10, పొట్లానికి 100 మిల్లీగ్రాములు పరిమితి. ఈ అంకెలు అక్కడి ప్రయోగశాలలు పరీక్షించిన సరుకుకు మాత్రమే వర్తిస్తాయి. మన వీధుల్లో పేరులేని సీసాలో వచ్చేదానికి కొలత లేదు, పరీక్ష లేదు, అందులో ఏ ద్రావకం మిగిలి ఉందో చెప్పేవారు లేరు.

కల్తీ ఎంత దూరం పోగలదో అమెరికాలోనే తెలిసింది. 2019లో అక్కడ వేప్ పెన్నులు వాడిన యువకులు ఊపిరితిత్తులు దెబ్బతిని వరుసగా ఆసుపత్రుల్లో చేరసాగారు. 2020 ఫిబ్రవరి నాటికి ఆసుపత్రి పాలైనవారు, మరణించినవారు కలిపి 2,807 మందిని ప్రభుత్వ ఆరోగ్యసంస్థ లెక్కించింది. వారిలో 68 మంది చనిపోయారు. చాటుగా అమ్మిన గంజాయిసారపు గుళికల్లో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ ప్రధాన కారణమని తేలింది. తింటే హాని లేని పదార్థమే అది. వేడిచేసి పీల్చినప్పుడు ఊపిరిని మింగింది.

ఆరోగ్యం విషయంలో అతిగా భయపెట్టడం నాకు ఇష్టం లేదు. అబద్ధం ఒకటి బయటపడితే పిల్లలు నిజాలను కూడా నమ్మరు. గంజాయి ఒక్కదానివల్ల పెద్దలు ఊపిరి ఆగి మరణించడం, నల్లమందు జాతి మందులతో జరిగేలా, సాధారణంగా జరగదు. కాని గాఢత పెరిగినకొద్దీ చిత్తభ్రమ ముప్పు పెరుగుతుందని చెప్పడానికి ఆధారాలు బలంగానే ఉన్నాయి. 2019లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన ఐరోపా నగరాల అధ్యయనంలో, నూటికి పది పాళ్లకు మించిన టీహెచ్‌సీ గల గంజాయిని రోజూ వాడేవారికి, అసలు వాడనివారితో పోలిస్తే చిత్తభ్రమ వ్యాధి కనిపించే అవకాశం సుమారు ఐదు రెట్లు ఉన్నట్లు తేలింది. ఆ అధ్యయనం పది పాళ్లనే గాఢమన్నది. మన సీసాలోది అరవై అయినా కావచ్చు. ఇరవై ఐదేళ్ల వయసు వచ్చేవరకు మెదడు ఎదుగుతూనే ఉంటుంది కనుక కౌమారంలో మొదలుపెట్టినవారికి ముప్పు ఎక్కువ. వంశంలో మానసిక వ్యాధి ఉన్నవారికి మరీ ఎక్కువ. ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి విడవని వాంతులు పట్టుకుంటాయి. వేడినీళ్ల స్నానం చేస్తుంటే మాత్రం ఉపశమనం కనిపిస్తుంది. గంటలకొద్దీ స్నానాలగది విడవని కుర్రవాడికి గ్యాస్ట్రిక్ మందులు మింగించే ముందు ఈ సంగతి వైద్యునికి చెప్పాలి.

ఇంట్లో పసిపిల్లలు ఉంటే మిఠాయి రూపంలోని సారమే అన్నిటికంటే ప్రమాదం. పెద్దల మోతాదు పిల్లల్లో గాఢనిద్రను, శ్వాస మందగించడాన్ని కలిగించగలదు. అటువంటప్పుడు పరువు గురించి ఆలోచించకుండా 108కి ఫోన్ చేసి, ఏమి తిన్నదో దాచకుండా చెప్పడమే ప్రాణం నిలుపుతుంది.

వైద్యంలో గంజాయి పదార్థాలకు చోటు ఉన్నమాట నిజమే. కృత్రిమంగా తయారుచేసిన టీహెచ్‌సీ అయిన డ్రోనబినాల్‌ను 1985లో, పిల్లల్లో వచ్చే కొన్ని తీవ్రమైన మూర్ఛలకు శుద్ధి చేసిన సీబీడీ మందును 2018లో అమెరికా ఔషధసంస్థ ఆమోదించింది. మన ఆయుర్వేదంలో ఇది 'విజయ'. కాని మోతాదు తెలిసి వైద్యుడు రాసే మందు వేరు, స్నేహితుడు దాచమన్న సీసా వేరు.

పిల్లలు విదేశాల్లో ఉన్నవారికి

మన ఇళ్లలో ఇప్పుడు ఇంటికొకరు అమెరికాలోనో కెనడాలోనో ఉన్నారు. అక్కడ అంతా చట్టబద్ధమేనట కదా అన్న మాట తరచుగా వినబడుతుంది. అందులో నిజం సగమే.

కెనడా 2018 అక్టోబరు 17న వయోజనులకు గంజాయిని అనుమతించింది. సారాలను, తినుబండారాలను మరో ఏడాది ఆగి 2019లో అనుమతించింది. బహిరంగంగా ఒకరి వద్ద 30 గ్రాముల ఎండు గంజాయి ఉండవచ్చు. సారమైతే పావు గ్రామునే ఒక గ్రాము ఎండు గంజాయితో సమానంగా లెక్కిస్తారు. క్విబెక్ రాష్ట్రం నూటికి ముప్పై పాళ్లకు మించిన టీహెచ్‌సీ గల సరుకు అమ్మకాన్నే ఒప్పుకోదు, వయసు కూడా 21 నిండాలి. ఏ రూపంలోనైనా దేశపు సరిహద్దు దాటించడం నేరం.

అమెరికా సంగతి మరింత చిక్కు. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు 2012లో ప్రజల ఓటుతో వయోజనుల వాడకానికి తలుపు తెరిచాయి. తరువాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. అయితే కేంద్రప్రభుత్వ చట్టం వేరు, వీసాలు, పౌరసత్వం చూసేది ఆ కేంద్రప్రభుత్వమే. రాష్ట్రం అనుమతించినా గంజాయి వాడకం, గంజాయి వ్యాపారంలో ఉద్యోగం పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు కావచ్చునని వలస సేవల సంస్థ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా ప్రకటించింది. తోటి విద్యార్థి అమెరికా పౌరుడైతే అతనికి ఏమీ కాదు, పక్కనే అదే పని చేసిన మనవాడికి దేశం విడవవలసి రావచ్చు. పండుగకు ఇంటికి వచ్చే పిల్లలు అక్కడి గుళికలు, మిఠాయిలు పెట్టెలో తెచ్చుకుంటే విమానాశ్రయంలో అది మాదకద్రవ్యాల దిగుమతి కేసు అవుతుంది. వేప్ పరికరాల దిగుమతిని, అమ్మకాన్ని 2019 నాటి ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం వేరుగా నిషేధిస్తున్నది.

మన చట్టం

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, వాడుకలో ఎన్‌డీపీఎస్ చట్టం, చరస్ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే గాఢసారాన్ని చేర్చింది. ముడిదైనా శుద్ధి చేసినదైనా, ఏ రూపంలోనున్నా వేరుచేసిన జిగురు చరస్. హషీష్ ఆయిల్ అని పిలిచే గాఢ ద్రవం కూడా చరస్. గంజాయి అంటే పూగుత్తులు. పూత లేని ఉత్త ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. భంగు గురించి రాష్ట్రాలకు వేరు నియమాలు ఉండడానికి కారణం ఇదే.

ఇక బరువు. శిక్షను నిర్ణయించేది ప్రధానంగా అదే. గంజాయికి అల్ప పరిమాణం ఒక కిలోలోపు, వాణిజ్య పరిమాణం 20 కిలోలు దాటితే. చరస్‌కు, అంటే ఆయిల్‌కు కూడా, అల్ప పరిమాణం 100 గ్రాములలోపు, వాణిజ్య పరిమాణం ఒక కిలో దాటితే. అల్ప పరిమాణానికి ఏడాది వరకు కఠిన కారాగారం లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ రెంటికీ మధ్యనున్న దానికి పదేళ్ల వరకు కారాగారం, లక్ష వరకు జరిమానా. వాణిజ్య పరిమాణానికి పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల వరకు కారాగారం, లక్షకు తగ్గని జరిమానా. 150 గ్రాముల గంజాయితో దొరికినవాడు ఏడాది శిక్ష పరిధిలో ఉంటాడు. అదే 150 గ్రాముల ఆయిల్‌తో దొరికినవాడు పదేళ్ల పరిధిలోకి పోతాడు. మామూలు ఆవకాయ సీసాలో పట్టేంత ఆయిల్‌ను ఊరినుండి తెచ్చినవాడు పదేళ్లకు తక్కువ కాని శిక్షకు ఎదురుగా నిలుస్తాడు.

ఇందులో మరో మెలిక ఉంది. కల్తీ సరుకులో మత్తుపదార్థం ఎంతో చూడాలా, మొత్తం మిశ్రమం బరువు చూడాలా అన్న వివాదం చాలాకాలం నడిచింది. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు మొత్తం మిశ్రమం బరువునే లెక్కించాలని చెప్పింది. ఆయిల్‌ను ఎంత పలుచన చేసినా నేరం పలుచనకాదు.

తమకోసం వాడుకున్నవారికి 27వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు కారాగారం లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. ఇల్లు, గది, దుకాణం ఇటువంటి పనికి తెలిసి ఇచ్చిన యజమానిపై 25వ సెక్షన్ వర్తిస్తుంది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి గంజాయిని అత్యంత కఠినమైన జాబితానుండి తీసివేసినప్పుడు భారతదేశం అనుకూలంగా ఓటు వేసిన మాట నిజం. దాన్ని పట్టుకుని ఇక్కడ కూడా సడలించారని కొందరు చెబుతున్నారు. గంజాయి విషయంలో ఇక్కడి చట్టం సడలలేదు.

ఊరినుండి వచ్చే పొట్లం

ఈ వ్యాసంలో మీరు ఒక్క భాగమే చదవదలచుకుంటే ఇది చదవమంటాను. మన వలస కుటుంబాల్లో ఒక మంచి అలవాటు ఉంది. ఊరికి పోయివచ్చేవారి చేతికి ఎవరో ఒకరు ఏదో ఒకటి ఇస్తారు: పచ్చడి, బెల్లం, చీర, మందులు. కాదనం. ఆ అలవాటునే ఆసరా చేసుకుని రవాణా చేసేవారు ఉన్నారు. "మా బావమరిది మెజెస్టిక్‌లో వచ్చి తీసుకుంటాడు అన్నా, ఈ పెట్టె ఒక్కటి సీటుకింద పెట్టుకో" అంటారు. రైలు ఖర్చులు తామే పెట్టుకుంటామంటారు.

సాధారణ నేరాల్లో తెలిసి చేశారని రుజువు చేయవలసింది ప్రభుత్వం. ఈ చట్టంలో తీరు వేరు. సరుకు మీ స్వాధీనంలో ఉందని తేలితే, తెలిసే ఉంచుకున్నారని న్యాయస్థానం మొదట భావిస్తుంది. తెలియదని రుజువు చేసుకోవలసింది మీరే. 35, 54 సెక్షన్ల భావం ఇది. వాణిజ్య పరిమాణమైతే బెయిలు కూడా దుర్లభం. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు న్యాయస్థానానికి కనిపించాలని 37వ సెక్షన్ అంటుంది. విచారణ ముగిసేలోపు ఏళ్లు గడిచిపోతాయి. ఆటో, క్యాబ్, లారీ నడిపేవారికి ఇంకొక నష్టం ఉంది. సరుకు రవాణా అయిన వాహనం జప్తు కావచ్చు. తమకు తెలియదనీ, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామనీ యజమాని చూపగలగాలి.

కనుక తెరిచి చూడనివ్వని పొట్లం ఎవరిదైనా మోయకండి. తెరిచి చూస్తానంటే కోపం తెచ్చుకునేవారి పొట్లం అసలే మోయకండి.

ఒకవేళ తనిఖీ జరిగితే మీకు కొన్ని హక్కులు ఉన్నాయి. ఒంటిమీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో సోదా కోరవచ్చునని మీకు చెప్పాలి. సంచి సోదాకు ఇది వర్తించదు. స్త్రీలను స్త్రీలే సోదా చేయాలి. అరెస్టు చేస్తే కారణాన్ని మీకు అర్థమయ్యేలా తెలపాలి. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. కన్నడంలోనో ఆంగ్లంలోనో ఉన్న కాగితం అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పండి, చదివి వినిపించమని అడగండి. మొహమాటంతో తలూపి సంతకాలు చేసినవారిని నేను చూశాను. వారిలో చదువుకున్నవారు కూడా ఉన్నారు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. న్యాయసేవల సహాయవాణి 15100.

వాడకం మానదలచినవారికి

2019లో ప్రచురితమైన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 10 నుండి 75 ఏళ్లమధ్య వయసువారిలో నూటికి 2.8 మంది, అంటే సుమారు 3.1 కోట్లమంది, అంతకుముందు ఏడాదిలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడినవారు. సుమారు 72 లక్షలమందికి ఆ వాడకం సమస్యగా మారింది. కాబట్టి ఇది మన ఒక్క ఇంటి అవమానం కాదు.

చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. దాని గురించి తెలిసినవారు తక్కువ. వ్యసనానికి లోనైన వ్యక్తి, వాడకం లేదా అల్ప పరిమాణం కేసులో ఉన్నప్పుడు, తానుగా ముందుకు వచ్చి ప్రభుత్వం నిర్వహించే లేదా గుర్తించిన కేంద్రంలో చికిత్స చేయించుకుంటే ప్రాసిక్యూషన్ నుండి రక్షణ పొందవచ్చు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసన వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. మద్యం, మత్తు మాన్పించే జాతీయ సహాయవాణి 14446. మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416. మాదకద్రవ్యాల సమాచారం ఇవ్వడానికి, సలహా కోరడానికి 1933.

ఇంట్లో ఇటువంటి సీసా కంటపడితే రుచి చూడకండి, పొయ్యిదగ్గర ఉంచకండి, మరొకరి చేతికి ఇవ్వకండి, దాన్ని సంచిలో వేసుకుని ఎవరికో చూపించడానికి బస్సెక్కకండి. అది మీ సంచిలో ఉన్నంతసేపూ చట్టం దృష్టిలో మీదే. ముందు 15100కు ఫోన్ చేసి న్యాయవాదితో మాట్లాడి, వారు చెప్పిన ప్రకారం అప్పగించండి.

ఆ శ్రీకాకుళపు తల్లి సీసాకు బదులు ఫోటో తేవడం ఆమెకు తెలియకుండానే చేసిన తెలివైన పని. రెండు నెలల తరువాత మళ్లీ వచ్చారు, ఈసారి అబ్బాయిని వెంటబెట్టుకుని. ఆసుపత్రివారు ఇచ్చిన కన్నడ పత్రం మీద తరువాతి తేదీ, వెంట తేవలసిన కాగితాల వివరం ఉన్నాయి. తెలుగులో రాసి ఇచ్చాను. అబ్బాయి చదివి, మడిచి, చొక్కాజేబులో పెట్టుకున్నాడు. అటువంటి పత్రాలు అర్థంకాక ఆగిపోయినవారు ఎవరైనా ఉంటే పనిదినాల్లో మా విభాగానికి తీసుకురావచ్చు. చదివి చెప్పడానికి రుసుము లేదు, ఎవరి పేరూ రాసుకోము.